బల్ల మీద మొగదిషు

మినియేచర్ వార్‌గేమ్ కోసం నగరాన్ని కట్టేవాళ్లు ముందు లెక్క చూసుకోవాలి, అందం తర్వాత. ఈ ఆటలో ఎక్కువమంది వాడే సైనికుల బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. వాటికి సరిపడే స్కేలు దాదాపు 1:56. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల ఆ లెక్కన వంద మీటర్ల పొడవు, డెబ్భై మీటర్లలోపు వెడల్పు ఉన్న నేల అవుతుంది. ఏకే-47 గురి మూడు వందల మీటర్ల దాకా పనిచేస్తుంది. అంటే బల్ల మీద ఏ మూల నిలబడి కాల్చినా తూటా అవతలి మూలకు చేరుతుంది. ఖాళీ బల్ల మీద ఆధునిక యుద్ధం ఆడబోతే నాలుగు పాచికలు పడేలోపే ఆట అయిపోతుంది. దాన్ని నిలబెట్టేవి గోడలే. ఆటగాడికి ఏం చూపిస్తున్నామన్నదాని కంటే ఏం దాస్తున్నామన్నదే ఇక్కడి అసలు పనితనం.

1993 అక్టోబర్ 3న సోమాలియా రాజధాని మొగదిషులో జరిగిన పోరాటం దీనికి మంచి పాఠం. బకారా మార్కెట్ దగ్గర ఒక భవనంలో ఉన్న, అక్కడి సాయుధ వర్గ నాయకుడు ఐదీద్ ముఖ్య అనుచరులను పట్టుకోవడానికి అమెరికా సైన్యం దిగింది. డెల్టా దళం భవనంలోకి చొరబడితే, రేంజర్లు హెలికాప్టర్ల నుంచి తాళ్ల మీద జారి ఆ వీధుల చదరానికి నాలుగు మూలలా కాపు కాయాలి. బల్ల మీద ఈ సన్నివేశాన్ని వేసేటప్పుడు ఆ నాలుగు కూడళ్లే ముఖ్యం. ఒక మూలన ఉన్నవాడికి రెండు వీధులు కనిపించాలి, ఎదురు మూలలో ఉన్న తనవాళ్లు మాత్రం కనిపించకూడదు. మధ్యలో ఇళ్లు అడ్డం రావాలి.

వీధులను బల్ల అంచులకు సమాంతరంగా వేయడం కొత్తవాళ్ల అలవాటు. అలా వేస్తే ఒక చివర నుంచి మరో చివరకు చూపు సాగిపోతుంది. మొత్తం వీధులను పదిహేను, ఇరవై డిగ్రీలు పక్కకు తిప్పి చూడండి, ఊరి తీరే మారిపోతుంది. పొడవైన వీధి ఒక్కటే ఉంచండి. దాన్ని దాటడమే ఆటగాడికి గండం కావాలి. మిగతా సందులను ముందుకు చొచ్చుకొచ్చిన ప్రహరీతోనో, రేకుల కొట్టుతోనో మధ్యలో తెంచేయాలి. అమర్చాక కంటిని బొమ్మ ఎత్తుకు దించి చూడాలి, లేదా ఈ కిటికీ నుంచి ఆ మలుపు దాకా దారం లాగి చూడాలి. పైనుంచి చూస్తే బాగుందనిపించిన బల్ల, దారం లాగేసరికి డొల్లగా తేలడం మామూలే.

కట్టడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. అయిదు మిల్లీమీటర్ల ఫోమ్‌బోర్డు గోడలకు చక్కగా సరిపోతుంది. మామూలు థర్మాకోల్ కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది. స్ప్రే పెయింటు కొడితే అది కరిగిపోతుంది కూడా, కాబట్టి ముందు జిగురు పూత తప్పదు. తెల్ల జిగురులో సన్నటి ఇసుక కలిపి రాస్తే సున్నం కొట్టిన పాత గోడ తేలుతుంది. ముడతల అట్ట పై కాగితాన్ని ఒలిస్తే రేకుల కప్పు సిద్ధం. ఆఖర్న లేత రంగులో ముంచిన కుంచెను దాదాపు పొడిగా తుడిచి, అంచులకు మాత్రం తాకించాలి.

ద్వారాల దగ్గర జాగ్రత్త. రెండు మీటర్ల తలుపు లెక్క ప్రకారం 36 మిల్లీమీటర్లు. కానీ బొమ్మ అడుగున బిళ్ల ఉంటుంది కనుక 40కి తగ్గితే అది లోపలికి దూరలేనట్టు కనిపిస్తుంది. కప్పులు ఎత్తి పక్కన పెట్టేలా ఉండాలి, మేడలు అంతస్తుకు అంతస్తు విడిపోవాలి. మొగదిషు పోరులో మిద్దెల పైనుంచి కాల్పులు సాగాయి కాబట్టి డాబా మీద బొమ్మ నిలబడేంత చోటు, పిట్టగోడ తప్పనిసరి. శిథిలాల్లో సైతం అక్కడక్కడా చదును ఉంచకపోతే బొమ్మలు దొర్లిపడతాయి.

ఆ రోజు రెండు బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు కూలాయి. బ్లాక్‌హాక్ రోటరు వ్యాసం పదహారు మీటర్ల పైచిలుకు, మన స్కేలులో 29 సెంటీమీటర్లు. సందులో పడిన ఆ శిథిలం బల్ల మీద ఒక చిన్న ఇంటి కంటే ఎక్కువ జాగా తింటుంది. ముందే దానికి చోటు అనుకోకపోతే తర్వాత ఇళ్లు పీకాల్సి వస్తుంది.

ఈ ఆట వయసు చిన్నదేమీ కాదు. 1812లో ప్రష్యాకు చెందిన రైస్విట్జ్ తన రాజుకు సమర్పించిన యుద్ధక్రీడా బల్ల మీద నేలనంతా విడి పలకలుగా పేర్చుకోవచ్చు. ఈ రోజుకీ నగరాన్ని విడి పలకలుగా కట్టుకోవడమే తెలివైన పద్ధతి. ఒకే ఊరు పది సన్నివేశాలకు పనికొస్తుంది. 1913లో హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసినప్పుడు పిల్లల చెక్క దిమ్మలే ఇళ్లయ్యాయి. అసలు యుద్ధం కంటే బొమ్మల యుద్ధం మేలని ఆయన వాదించాడు. మరుసటి ఏడాదే మహాయుద్ధం వచ్చిపడింది. ఆయన మాట నేను పూర్తిగా నమ్ముతాను, ఒక షరతుతో: బల్ల మీద ఊరివాళ్లు కూడా ఉండాలి. మొగదిషులో అమెరికా సైనికులు 18 మంది చనిపోతే, సోమాలీలు వందల్లో పోయారు. కూరగాయల బండి, నీళ్ల డబ్బా మోస్తున్న ఆడమనిషి, పరుగెత్తే పిల్లలు లేకుండా ఆ వీధిని ఆడటం తప్పు. వాళ్లు అడ్డొచ్చినప్పుడు కాల్పులు ఆపాలన్న నియమం పెడితే, ఆయుధబలం ఉన్న పక్షం చేతులు ఎలా కట్టుబడతాయో ఆటగాడికి అర్థమవుతుంది.

ఇంకొక ఏర్పాటు తప్పక చేయమంటాను. మొగదిషులో ఆ సాయంత్రం అమెరికా సైన్యపు వాహనాల శ్రేణికి ఆకాశం నుంచి దారి చెప్పారు. ‘ఎడమకు తిరుగు’ అన్న మాట చేరేసరికి బండి ఆ సందు దాటిపోయేది. దీన్ని ఆటలోకి తేవాలంటే ఇద్దరు ఆటగాళ్లు కావాలి. ఒకరు బల్ల పక్కన నిలబడి పైనుంచి చూస్తూ చీటీ రాయాలి. రెండోవారు కింద కూర్చుని, బొమ్మ ఎత్తు నుంచి మాత్రమే చూస్తూ బండి నడపాలి. చీటీ ఒక వంతు ఆలస్యంగా అందాలి. సందులు ఒకదానిలా ఒకటి ఉండేట్టు కట్టి ఉంటే మూడో మలుపుకే తప్పుదారి పడతారు.