ఒక్క గీత తేడా

అలిశెట్టి ప్రభాకర్ అచ్చయిన మొదటి కవిత పేరు ‘పరిష్కారం’. 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన ఇరవై ఏళ్ల జగిత్యాల కుర్రాడు. అంతకుముందే పత్రికలకు పండగల బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు, సినిమా తారల ముఖాలు గీసేవాడు. ముందు గీత, ఆ తర్వాతే మాట. ఆయన కవిత్వంలోని అందానికి తాళంచెవి నాకు ఈ వరసలోనే దొరికింది.

ఆ వారపత్రిక పుట్టిల్లు సామాన్యమైనది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను మొదలుపెట్టింది వారపత్రికగానే. అమృతాంజనం అమ్మిన డబ్బు అక్షరానికి ఆసరా అయింది. 1914లో మద్రాసుకు చేరి దినపత్రికైంది, 1924లో ‘భారతి’ మాసపత్రిక వచ్చింది. పంతులుగారి తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పగ్గాలు పట్టారు. సచిత్ర వారపత్రిక అసలు వైభవం ఆ కాలానిదే. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ అల్లరి చేసింది ఆ పుటల్లోనే, బాపు బొమ్మల తోడుగా. ఆ జంట పనిలో బొమ్మ కథకు అలంకారం కాదు. రమణ వాక్యం ఆపేసిన చోట బాపు గీత అందుకుంటుంది, గీత మిగిల్చినదాన్ని మళ్లీ వాక్యం చెబుతుంది. కన్ను అటూ ఇటూ తిరుగుతూ చదువుతుంది. సచిత్ర వారపత్రిక తెలుగు పాఠకుడికి నేర్పిన కొత్త చదువు ఇదే. ‘సచిత్ర’ అని పేరులోనే పెట్టుకున్నందుకు ఆ పత్రిక మాట నిలబెట్టుకుంది.

ఆ చదువు జగిత్యాల దాకా వచ్చాక దాని స్వభావం మారింది. బాపు గీత నవ్విస్తుంది, అలిశెట్టి గీత చురుక్కుమనిపిస్తుంది. వేశ్య మీద ఆయన రాసిన చిన్న కవితనే చూడండి. పొట్టి పొట్టి పాదాలు జంటలు జంటలుగా నడుస్తాయి. మొదటి పాదం ఆమె దుస్థితి, రెండోది దానివల్ల ఎవడికో దక్కిన సుఖం. ఒక జంటలోనైతే రెండు మాటల మధ్య తేడా ఒక్క కొమ్మే. ఆ కొమ్ము తీసేస్తే చాలు, గాయం కాస్తా కొరుక్కు తినేదైపోతుంది, పుండు పండవుతుంది! ఇది ప్రాస కోసం వెతికితే దొరికే మాట కాదు. కనుబొమ దగ్గర ఒక్క గీత మారిస్తే ముఖంలో భావమే మారిపోతుందని చేతికి తెలిసినవాడికే తట్టే మాట. కవితలో ఎక్కడా జాలి మాట లేదు, తీర్పు లేదు. చదివేవాడి గొంతు మాత్రం పట్టుకుపోతుంది.

పొట్టకూటికి ఆయన ఫొటోగ్రాఫరయ్యాడు. 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, 1979లో కరీంనగర్‌లో శిల్పి, 1983లో హైదరాబాద్‌లో చిత్రలేఖ. ఏది ఫ్రేములో ఉండాలో, ఏది బయటికి పోవాలో రోజూ తేల్చుకునే పని అది. కవితల్లోనూ అదే కోత. రైతుకూలీల జైత్రయాత్రతో జగిత్యాల పేరు దేశమంతా వినిపించిన 1978లోనే ‘ఎర్ర పావురాలు’ కవితా సంపుటి వెలువడింది. మరుసటి ఏడు ‘మంటల జెండా’, 1981లో ‘చురకలు’. పేర్లు కూడా బొమ్మలే.

సిరిసిల్లలో చదువుకున్న హనుమాజీపేట కవి సినారె మనిషి ప్రస్థానమంతా పట్టేలా ‘విశ్వంభర’ కావ్యాన్ని పరిచారు. అదే పాత కరీంనగర్ జిల్లాకు చెందిన అలిశెట్టి అరచేతిలో ఇమిడేంతే రాశాడు. ఎవరి కొలత వారిది. కోరుట్ల బస్టాండులో బస్సు కోసం నిలబడ్డ మనిషి చదివి, బస్సెక్కేలోగా కంఠతా పట్టగలిగే కవిత్వం కూడా గొప్పదేనని నేను గట్టిగా నమ్ముతాను.

వారపత్రికలో మొదలైన ఈ ప్రయాణం ఆంధ్రజ్యోతి దినపత్రికకు చేరి, ఆరేళ్లపాటు ‘సిటీ లైఫ్’ పేరుతో సాగింది. 1992లో పుస్తకమైంది. మరుసటి జనవరి 12న, తన పుట్టినరోజునే, క్షయవ్యాధితో ఆయన కన్నుమూశాడు. ముప్పై తొమ్మిదేళ్లు. ‘సిటీ లైఫ్’ను ఏకబిగిన చదివితే ఒక చురక మీద ఇంకో చురక పడి మంట మొద్దుబారుతుంది. అది కవి లోపం కాదు, మన చదువు తొందర. ఆ కవితలు పత్రికలో చుట్టూ వార్తలు, ప్రకటనలు ఉండగా ఒక్కొక్కటిగా వచ్చినవి. పూటకొకటి చాలు. చదివాక పుస్తకం మూసి వీధిలోకి వెళ్లాలి, ఆయన చూపించిన మనిషి అక్కడే ఉంటాడు.