కీర్తనకు కంప్యూటర్ సహవాద్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

గుంటూరు, ప్రకాశం మైదానాల పల్లె సంఘాలలో వాద్యగాండ్ర కొరత కాపరులు ఎరిగినదే. హార్మోనియం వాయించే పెద్ద ప్రభువునందు నిద్రిస్తే ఆ స్థానం ఖాళీగా ఉండిపోతుంది. కంప్యూటర్‌పై ముందుగా తయారుచేసిన ట్రాక్ ఆ లోటు తీరుస్తున్నది. దానిని లోకసంబంధమైనదని త్రోసివేయడం సులభం, కాని న్యాయం కాదు. అది మన కీర్తనను ఏమి చేస్తున్నదనేదే అసలు ప్రశ్న.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లలో ప్రసిద్ధమైన బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌ను కెనడాకు చెందిన పీజీ మ్యూజిక్ సంస్థ 1990లో విడుదల చేసింది. కార్డ్‌ల పేర్లు గళ్లలో టైపు చేసి, శైలిని, వేగాన్ని ఎంచుకుంటే బేస్, డ్రమ్స్, పియానో, గిటారు భాగాలను అదే సమకూరుస్తుంది. శ్రుతి మార్చడం క్షణంలో పని. అయితే దాని పునాది పాశ్చాత్య కార్డ్ పద్ధతి.

మన కీర్తనల పునాది వేరు. హేయర్ 1842లో గుంటూరుకు, క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చి సేవ ప్రారంభించారు. ఆ సేవనుండి ఎదిగిన లూథరన్, బాప్టిస్టు సంఘాలు పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవుల కీర్తనలను పాడుతూ వచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో అనేక కీర్తనలకు పైన రాగతాళాలు ముద్రించి ఉంటాయి. మోహన రాగంలో మధ్యమ, నిషాదాలు లేవు. ‘సి’ని షడ్జమంగా పెట్టుకొని వాడుక ప్రకారం ఎఫ్, జి కార్డ్‌లు వేస్తే మొదటిది మధ్యమాన్ని, రెండవది నిషాదాన్ని వినిపిస్తాయి. రాగం కవి ఇచ్చినది కాకుండా పోతుంది. తాళమూ అంతే. సాఫ్ట్‌వేర్ శైలులలో అత్యధికం నాలుగు లేక మూడు దెబ్బల కొలతవి. ఆదితాళం వాటిలో ఇముడుతుంది; 3, 2, 2 చొప్పున 7 అక్షరాలు గల తిశ్ర త్రిపుట ఇమడదు.

ఇంతకంటె గంభీరమైనది సంఘానికి కలిగే నష్టం. పత్తి చేలో, మిరప కళ్లంలో పనిచేసి ఆరాధనకు వచ్చే తల్లులలో చదువు రానివారున్నారు. నాయకుడు చరణం అందిస్తే వారు తిరిగి పాడతారు. అవసరమైతే పల్లవి మరొకసారి ఎత్తుకుంటారు. రక్షణ, క్షమాపణ, పునరుత్థానం వారికి ఈ విధంగానే కంఠస్థమైనవి. ట్రాక్ ఎవరికొరకూ ఆగదు. దానితో పరుగెత్తలేనివారు మౌనంగా ఉండిపోతారు, పాట వేదికమీదివారిదవుతుంది. 1 కొరింథీ 14:26లో పౌలు పాటకు పెట్టిన గీటురాయి సంఘ క్షేమాభివృద్ధి. ఆ గీటురాయిపై ఇటువంటి ట్రాక్ నిలువదు.

కనుక ట్రాక్‌కు సంఘాన్ని సరిచేయక, సంఘానికి ట్రాక్‌ను సరిచేయాలి. మొదట వాద్యం లేకుండా సంఘం పాడగా విని, ఆ వేగాన్నే తీసుకోవాలి. రాగ కీర్తనలకు కార్డ్‌లు మాని షడ్జమ పంచమాల శ్రుతి, తాళం మాత్రమే ఉంచాలి. అందించి పాడే కీర్తనలకు ట్రాక్‌ను పక్కనపెట్టి చిడతలతో పాడుకోవచ్చు. ఆ ట్రాక్ సహాయంతోనే ఒక యౌవనస్థునికి హార్మోనియం నేర్పిస్తే, కొంతకాలానికి సంఘానికి ఆగి వాయించగల మనిషి దొరుకుతాడు.