ఇంటికెళ్లిన నెగెటివ్‌లు

ఒక వ్యాధి పరీక్ష ఎంత నమ్మదగినదో తేలాలంటే దాని ఫలితాన్ని అంతకంటే గట్టి పరీక్షతో సరిచూడాలి. ఆ గట్టి పరీక్ష అందరికీ చేస్తే పేచీ లేదు. కొందరికే చేస్తే, ఆ కొందరు ఎవరన్న దగ్గర లెక్క తప్పుతుంది.

2020లో కరోనా ర్యాపిడ్ యాంటిజెన్ కిట్ వచ్చినప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నియమం ఇది: పాజిటివ్ వస్తే మళ్లీ పరీక్ష అక్కర్లేదు; నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్ చేయాలి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ల్యాబ్ ఆ పరీక్షలు చేసింది. వైద్యానికి ఆ నియమం సరైనదే. కానీ పాజిటివ్‌లను సరిచూడని ఆ రికార్డుల నుంచే కిట్ కచ్చితత్వం లెక్కగడితే జవాబు వంకరగా వస్తుంది. ఐసీఎంఆర్ విడిగా జరిపించిన పరిశీలనల్లో ఆ కిట్ వ్యాధిని పట్టుకున్నది 50.6 నుంచి 84 శాతం మందిలోనే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది. అనుమానం వచ్చినవారికి బయాప్సీ చేస్తారు, మిగతావారు ఇంటికెళ్తారు. వెయ్యి మందిలో వంద మందికి పాజిటివ్ వచ్చిందనుకుందాం. వందమందికీ బయాప్సీ చేస్తే 90 మందికి వ్యాధి తేలింది. తొమ్మిది వందల నెగెటివ్‌లలో 90 మందికే బయాప్సీ జరిగితే ఆరుగురికి తేలింది. చూసిన మేరకే లెక్కిస్తే పరీక్ష 96 మందిలో 90 మందిని, అంటే 94 శాతం పట్టుకున్నట్టు. కానీ బయాప్సీ జరిగిన ఆ 90 మంది నెగెటివ్‌లు మొత్తం 900 మందికి ప్రతినిధులు. ఆరును పదితో గుణిస్తే వదిలేసిన రోగులు 60 మంది. అసలు పట్టు 150లో 90, అంటే 60 శాతమే. వ్యాధి లేనివారిని సరిగా చెప్పే శాతం మాత్రం 89 నుంచి దాదాపు 99కి పెరుగుతుంది.

కోలిన్ బెగ్, రాబర్ట్ గ్రీన్స్ 1983లో ప్రతిపాదించిన సవరణ సారం ఇదే. దీనికొక షరతు ఉంది: నెగెటివ్‌లలో బయాప్సీకి వెళ్లినవారు వెళ్లనివారిలాంటివారే కావాలి. డాక్టర్ అనుమానించినవారినే పంపితే గుణకారం అతి అవుతుంది. అప్పుడు లక్షణాలు, వయసు వారీగా విడదీసి సవరించాలి. అవి రాసిపెట్టి ఉండకపోతే ఏ సూత్రమూ ఆదుకోదు. గట్టి పరీక్షే కొందరు రోగులను వదిలేస్తే ఈ సవరణ దాన్నీ సరిచేయలేదు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో థీసిస్ చేసే పీజీ విద్యార్థులు నెగెటివ్‌లలోంచి చీటీ తీసి కొందరినైనా గట్టి పరీక్షకు ముందే ఎంచుకోవాలి. ఎవరికి గట్టి పరీక్ష జరగలేదో, ఎందుకు జరగలేదో కూడా రిజిస్టర్‌లో రాయాలి.