వెలుతురుతో ప్రోటీన్ కొలత

జుక్కల్, మద్నూర్ నల్లరేగడిలో వానాకాలం సోయా పండుతుంది. ఆ గింజ బరువులో సుమారు 36 నుంచి 40 శాతం ప్రోటీనే. కందిలో అది 22 శాతం చుట్టుపక్కల ఉంటుంది. గింజ మొత్తంలోని ప్రోటీన్‌కు నత్రజనిని బట్టి లెక్కగట్టే కెల్డాల్ పద్ధతి ఉంది. నీటిలో కరిగిన ప్రోటీన్‌కైతే వెలుతురే తరాజు.

ద్రావణం ఎంత చిక్కగా ఉంటే అంత వెలుతురును పీల్చుకుంటుంది. శోషణ 1 అని పరికరం చూపితే వందలో పది పాళ్లే అవతలికి దాటినట్టు. 2 అంటే ఒక్క పాలే. ప్రోటీన్‌కు కంటికి కనిపించే రంగు లేదు. అయితే అందులోని ట్రిప్టోఫాన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. మామూలు గాజు ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి క్వార్ట్జ్ గొట్టం కావాలి. చిక్కు ఎక్కడంటే, ఈ రెండూ అన్ని ప్రోటీన్లలో ఒకే పాళ్లలో ఉండవు. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కలిపితే పశువుల సీరమ్ ఆల్బుమిన్ సుమారు 0.67 చూపుతుంది, యాంటీబాడీ 1.4 దాకా చూపుతుంది. ట్రిప్టోఫాన్ లేని జెలటిన్ దాదాపు ఏమీ చూపదు. ఏ ప్రోటీనో తెలియకుండా రాసుకున్న అంకెను నేను నమ్మను.

అందుకే రంగు పుట్టించే పద్ధతులు వచ్చాయి. క్షారంలో రాగి అయాన్లు ప్రోటీన్ పెప్టైడ్ బంధాలను పట్టుకుని ఊదారంగు తెస్తాయి. దాన్ని 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఇదే బయూరెట్. రక్తపరీక్ష రిపోర్టులో టోటల్ ప్రోటీన్ డెసిలీటరుకు 6 నుంచి 8 గ్రాములని కనిపించే అంకె ఎక్కువగా ఈ పద్ధతిదే.

రంగుతో కొలిచే ఈ విద్యలో మనవాడి పేరు ప్రపంచమంతా పలికింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి, క్షయకరణం చెంది నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. కండరాల సారంలో మాత్రం ఆ నీలం ఆలస్యంగా, కొద్దికొద్దిగా ముదురుతూ వచ్చింది. పరీక్ష చెడిందని పక్కన పెట్టేయడం తేలిక. వాళ్లు ఆ ఆలస్యం వెంటే పడ్డారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతున్న ఫాస్ఫోక్రియాటిన్ 1927లో అలా బయటపడింది. 1929లో ఏటీపీ కూడా.

మన డిగ్రీ కాలేజీల ప్రయోగశాలల్లో బయూరెట్ చేయించడానికి మైలుతుత్తం, కాస్టిక్ సోడా, రోషెల్ లవణం, ఓ చిన్న కలరీమీటర్ చాలు. సోయాపిండిని క్షారపు నీటిలో నానబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేట మాత్రమే తీసుకోవాలి. మడ్డి ఉంటే కాంతి చెదిరి లెక్క పెరుగుతుంది. పక్కన ప్రోటీన్ లేని గొట్టం, తెలిసిన ప్రోటీన్ గొట్టాలు వరుసగా ఉండాలి. బయూరెట్ ద్రావణం కలిపాక ఎన్ని నిమిషాలకు రీడింగ్ తీశారో కూడా పిల్లలతో రాయించాలి.