ఉరుము మెడ మారినా

పావగడ తాలూకా ఉండేది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో. ఊళ్లలో వినిపించేది మాత్రం ఎక్కువగా తెలుగే. దాదాపు చుట్టూ ఆంధ్ర సరిహద్దే. అందుకే అనంతపురం ఉరుముల మేళం గీత దాటి ఇక్కడా మోగుతుంది. ఉరుము అంటే మెడకు వేలాడే రెండు మూతుల డోలు, కన్నడంలో దాన్ని ఉరుమె అంటారు.

ఉరుము కొట్టడం సగం పనే. ఒక మూతిని సన్నపుల్లతో కొడతారు, రెండో మూతిని వంపు తిరిగిన కర్రతో రుద్దుతారు. ఆ రుద్దుడులోనే ప్రాణముంది. ఎక్కువ నొక్కితే తోలు కీచుమంటుంది, తక్కువైతే మూగబోతుంది. సరిగ్గా పడిందా, దూరాన మబ్బు గుర్రుమన్నట్టు గుండెకు తగులుతుంది. కొత్తగా నేర్చే పిల్లాడి చేతిలో అదే ఉరుము దూడలా అరుస్తుంది. మేళమంతా పడీపడీ నవ్వుతుంది కానీ కర్ర లాక్కోదు. నాకు అదే ముచ్చట.

మేళంలో మనుషులు నిలవరు. వానలు తప్పిన ఏడు ఒకరు బెంగళూరు కూలికి పోతారు. తాళం వేసేవాడు ఉరుము ఎత్తుకుంటాడు, తాళం మేనల్లుడికి వస్తుంది. జాతరకు పాతవాడు బస్సు దిగితే ఒక ఉరుముకు ఇద్దరు! "మామా, ఈ ఒక్క వీధీ నాకియ్యి" అని ఒకడు, "గుడిదాకా నాదేరా" అని ఇంకొకడు. చివరికి వీధి మలుపులో ఉరుము మెడ మారుతుంది, దరువు మాత్రం తెగదు.