అచ్చు వెనక అసలు బొమ్మ

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్తే అటక మీద పాత చందమామలు ఉన్నాయేమో అడగడం నా అలవాటు. ఆ పత్రికతో ఈ నేలకు చుట్టరికం ఉంది. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి మద్రాసులో దాన్ని మొదలుపెట్టిన చక్రపాణి తెనాలి ఐతానగర్ బిడ్డ. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే.

వెతికితే సంచికలు దొరుకుతాయి. దొరకనివి అసలు బొమ్మలు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా బొమ్మలు, భుజాన శవం, చేత కత్తితో శంకర్ గీసిన విక్రమార్కుడు... వాళ్ల చేతుల్లోంచి వచ్చిన ఆ కాగితాల మీదే నా మనసు.

అచ్చుబొమ్మ ఉండగా అసలుది ఎందుకంటారా? భూతద్దం పెట్టి చూడండి. అచ్చులో రంగులన్నీ సన్నని చుక్కలుగా విడిపోతాయి. అసలు బొమ్మలో కుంచె ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో, రంగు కింద పెన్సిల్ గీత ఎటు పోబోయి ఎటు మళ్లిందో తెలుస్తుంది. చిత్రకారుడి ఆలోచన నడిచిన దారి అది.

కార్టూన్ సినిమాల్లోనూ ఇంతే. కాగితం మీది గీతను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీదికి సిరాతో దించి, వెనకవైపు రంగులు నింపేవారు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు కావాలి. చిత్రీకరణ కాగానే ఎన్నో రేకుల్ని కడిగి మళ్లీ వాడేశారు. 1937 నాటి ‘స్నో వైట్’ రేకుల్ని మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కూర్వోజియే గ్యాలరీ అమ్మకానికి పెట్టింది. పని ముగిసిన సరుకు అలా గోడకెక్కే చిత్రమైంది.

మీ ఇంట్లో పత్రికల కోసం వేసిన అసలు బొమ్మ ఏదైనా ఉంటే దయచేసి లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. సముద్రం దగ్గరి మన గాలిలో తేమకు బూజు పడుతుంది. ఆమ్లం లేని కాగితాల మధ్య, పొడిగా ఉన్నచోట దాచండి. అంచుల్లో కొలతలు, గుర్తులు ఉంటే కత్తిరించకండి. బొమ్మ చరిత్ర అక్కడే ఉంటుంది.

తెనాలిలో వీటికోసం ఒక గది ఉండాలని నా కోరిక. సంచికనూ అసలు బొమ్మనూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించాలి. బొమ్మలు వేయాలనుకునే పిల్లలకు అంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.