పిల్లల అరలో ఎవరెవరున్నారు

పిల్లల గ్రంథాలయంలో సాంస్కృతిక వైవిధ్యం అంటే నానా సంఘాల బొమ్మలు అట్టల మీద కనిపించడం ఒక్కటే కాదు. వారి జీవితాన్ని ఎవరు రాశారు, ఎలా చూపారు, అలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయి, అవి పిల్లల చేతికి అందుతున్నాయా అన్నవన్నీ అందులో భాగమే. గ్రంథాలయం కొనేది ప్రచురణకర్తలు వేసిన పుస్తకాలనే. వారు పట్టించుకోని సంఘాలు అరల్లోకీ రావు. ఎంపిక చేసేవారు పనిగట్టుకుని వెతికితే తప్ప ఈ లోటు తీరదు. న్యూయార్క్‌లోని హార్లెంలో ఇద్దరు లైబ్రేరియన్లు ఈ పనిని దాదాపు వందేళ్ల కిందటే మొదలుపెట్టారు.

ప్యూర్టో రికో నుంచి వచ్చిన ప్యూరా బెల్ప్రే 1921లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం 135వ వీధి శాఖలో ఉద్యోగంలో చేరారు. చిన్నప్పుడు ఇంట్లో విన్న జానపద కథలు అక్కడి అరల్లో లేవు. పిల్లలకు కథలు చెప్పే వేళ ఆమె వాటిని నోటితోనే చెప్పారు. తర్వాత 115వ వీధి శాఖలో స్పానిష్, ఇంగ్లిష్ రెండింటిలోనూ కథలు వినిపించారు. వాటిలో ఒకటైన బొద్దింక మార్టినా, ఎలుక పెరెజ్‌ల కథ 1932లో పుస్తకమై ఆ లోటును కొంత తీర్చింది.

1937లో అదే 135వ వీధి శాఖకు అగస్టా బేకర్ వచ్చారు. ఆమెకు ఎదురైన చిక్కు వేరు. నల్లజాతి వారి గురించి పుస్తకాలు లేకపోలేదు. కానీ చాలావాటిలో వారు నౌకర్లు, లేదా నవ్వించే వెకిలి పాత్రలు. ఆమె ప్రతి పుస్తకంలోనూ భాష, ఇతివృత్తం, బొమ్మలు అనే మూడింటినీ పరీక్షించి, నిలిచినవాటితో 1939లో నల్లజాతి రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ పేరిట ప్రత్యేక సేకరణను ఏర్పరిచారు. మంచి పుస్తకాలు వేయమని ప్రచురణకర్తలనూ అడిగారు. ఆమె తయారుచేసిన పుస్తకాల జాబితా 1946లో అచ్చయి, ఇతర గ్రంథాలయాలకూ ఎంపికలో దారి చూపింది.

లోటు ఎంతో అంకెల్లో తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ అంతకుముందు మూడేళ్లలో అమెరికాలో వచ్చిన 5 వేలకు పైగా పిల్లల పుస్తకాలను పరిశీలించి ‘సాటర్డే రివ్యూ’లో వ్యాసం రాశారు. ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించే పుస్తకాలు 6.7 శాతమే. వారి సమకాలీన జీవితాన్ని చెప్పినవి ఒక శాతం కూడా లేవు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్ ఇలాంటి లెక్కను 1985 నుంచి కొనసాగిస్తోంది. ఆ ఏడాది వెలువడిన సుమారు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18 మాత్రమే. ఒక సంఘం గురించి వచ్చిన పుస్తకాలను, ఆ సంఘం వారే చేసిన పుస్తకాలను ఈ కేంద్రం విడివిడిగా లెక్కిస్తుంది.

వైవిధ్యం ఎందుకు అవసరమో బాలసాహిత్య పండితురాలు రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో వివరించారు. పుస్తకం పిల్లలకు అద్దం కావాలి, కిటికీ కావాలి, జరిపి అవతలికి నడిచే గాజు తలుపూ కావాలని ఆమె మాట. అద్దం దొరకని పిల్లలు తమ జీవితానికి విలువ లేదనుకుంటారు. అద్దాలు తప్ప కిటికీలు లేని పిల్లలు లోకమంటే తామేననుకుంటారు. అంటే ఒకే సంఘం వారు ఉండే ఊళ్లోని గ్రంథాలయానికీ ఈ వైవిధ్యం కావలసిందే.

ఆచరణలో మొదటి పని ఉన్న పుస్తకాల లెక్క తీయడం. ఎవరు కథానాయకులు, ఎవరు పక్క పాత్రలు, ఎవరు అసలు లేరు అన్నది అప్పుడు బయటపడుతుంది. రెండోది ఎంపిక. ఒక సంఘం గురించి పండుగలు, వంటలు, పాతకాలపు కథలు మాత్రమే ఉంటే ఆ సంఘం పిల్లలు బడికి పోవడం, స్నేహితులతో పోట్లాడుకోవడం అరలో కనిపించవు. ఒక్క పుస్తకం ఒక సంఘమంతటి తరఫునా మాట్లాడలేదు; కాబట్టి కొన్నయినా ఉండాలి. మూడోది కించపరిచే పాత పుస్తకాలను పిల్లల అర నుంచి తీయడం. చరిత్ర కోసం ఉంచదలిస్తే వాటి చోటు పరిశోధన విభాగం. నాలుగోది కొన్నవాటిని ఏదో ఒక ఉత్సవానికి బయటపెట్టి ఊరుకోకుండా ఏడాది పొడుగునా చదివి వినిపించడం.

మార్కెట్లో పుస్తకమే లేకపోతే రాయించక తప్పదు. హైదరాబాద్‌లోని అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో ఆ పని చేసింది. తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ భాషల్లో వచ్చిన ఈ కథల రచయితల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు ఉన్నారు. పొలానికి నీళ్లు పెట్టబోయే దళిత బాలిక, తలకాయ కూర వండుకునే ముస్లిం ఇల్లు ఇందులో కథావస్తువులు. ఇలాంటి పుస్తకాలకు పెద్ద దుకాణాల్లో చోటు తక్కువ. గ్రంథాలయాలు కొంటేనే అవి పిల్లలకు చేరతాయి, ప్రచురణకర్తకు మరొకటి వేసే ధైర్యమూ వస్తుంది.